సొరపాదుకు పూచీ

ఆశ్వయుజం వచ్చినా ఉక్కపోత తగ్గలేదు. గుండుగొలనులో వీరరాఘవమ్మ పెరటి సొరపాదు పందిరంతా అల్లుకుంది కానీ, పూసిన పువ్వల్లా రాలిపోతోంది.

కాయని పాదును బెదిరిస్తే కాస్తుందని ఆ ఊళ్ళో నమ్మకం. ఒకరు కత్తి ఎత్తాలి, ఇంకొకరు అడ్డుపడి పూచీ ఉండాలి. ఆమె కత్తి ఎత్తి, పక్కింటి వెంకట్రాజును కేకేసింది. సహకార సొసైటీలో సెక్రటరీగా చేసి రిటైరైన ఆయన గోడ మీదుగా తన వంతు మాట అన్నాడు.

"నరక్కండమ్మా. వారంలో కాస్తుంది. నాదీ పూచీ."

వారం దాటింది. ఒక్క పిందె నిలవలేదు.

"ఏవండీ, నా కాయ ఏదండీ?" అందామె గోడ దగ్గరకొచ్చి.

"అది ఆచారం కోసం అన్న మాటండీ."

"అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే, పూచీ ఉన్నవాడి గేదెను తోలుకెళ్ళారు కదండీ మీరు. అప్పుడు ఆచారం గుర్తు రాలేదా?"

ఈ మాట సెంటర్లో పడితే ఊరంతా నవ్వుతుంది. పాదు కాసేదాకా రోజుకో సొరకాయ ఇవ్వడానికి వెంకట్రాజు ఒప్పుకున్నాడు. పొద్దున్నే సెంటర్లో కొనడం, గోడ మీదుగా అందించడం.

నాలుగోనాడు కూరగాయల కొట్టతను కాయ చేతికిస్తూ అన్నాడు. "మీ పక్కింటి పందిరిదేనండి. అమ్మగారు రోజూ తెచ్చి అమ్ముతున్నారు."

అయితే పాదు కాసిందన్నమాట, తన పూచీ తీరిపోయింది. వెంకట్రాజు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, లేతదేనా అని కాయకు గోరు గుచ్చబోయాడు.

అక్కడ గోటిగాటు ముందే ఉంది. నిన్న తాను గుచ్చిందే.