ఆటలపెట్టెలో మూడక్షరాలు

"నోలీన్! మనింట్లోకి ఎవడో దూరాడు!"

గరాజ్‌లోంచి మొగుడి కేక విని నోలీన్ కడుగుతున్న కప్పు వదిలేసి పరిగెత్తింది. పట్టపగలు దొంగలు పడటమా, అదీ బర్నీ లాంటి చిన్న ఊళ్లో!

క్లైవ్ పాలిపోయిన మొహంతో తన ఆటలపెట్టె ముందు నిలబడి ఉన్నాడు. ఆఫీసువాళ్ళు పారేస్తున్న పాత కంప్యూటర్ని తెచ్చి, లోపలున్నదంతా చెరిపేసి, చిన్నప్పటి వీడియో గేములన్నీ ఎక్కించి, జాయ్‌స్టిక్కు బిగించిన పెట్టె అది. పోయిన వారమే పూర్తయింది.

"ఏం పోయింది?"

"ఏమీ పోలేదు. నా స్కోరు దాటేశాడు. పేరు కూడా కొట్టాడు, చూడు."

తెర మీద స్కోర్ల వరసలో అన్నిటికన్నా పైన మూడక్షరాలు: ఎన్, ఓ, ఎల్.

"బాగుంది సంబడం! దొంగెవడో తాళం తీసి లోపలికొచ్చి, ఆటాడి, నా పేరు కొట్టి, మళ్ళీ తాళం వేసి పోయాడా?"

క్లైవ్ నవ్వలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

"మన పెళ్ళికి ముందు బీచ్ పక్క చిప్స్ కొట్టులో ఆటల మిషన్ ఉండేది గుర్తుందా? గెలిచినప్పుడల్లా నా పేరు బదులు నీ పేరే కొట్టేవాణ్ణి, నువ్వు చూస్తావని. ఆ సంగతి మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు? నేనే ఆడి మర్చిపోయానా నోలీ? మా నాన్నకీ ఇలాగే మొదలైంది. చివరికి నన్నే పట్టుకుని ఎవడివిరా నువ్వు అన్నాడు."

నోలీన్ అతని చేయి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది.

"అయ్యో పిచ్చి మనిషీ! ఆడింది నేను. నువ్వు చేపలు పట్టడానికి పోయినప్పుడు."

"నువ్వా? ఆటలంటేనే విసుక్కుంటావుగా!"

"అందుకే చెప్పలేదు. చెప్తే ఏడిపించుకు తినవూ?"

"అయినా నా స్కోరు దాటేంతగానా?"

"ఏం, వేళ్ళు మగాళ్ళకే ఉన్నాయా? ఇన్నేళ్ళు స్వెట్టర్లు అల్లిన చేతులివి."

క్లైవ్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"పై ప్రాణాలు పైనే పోయాయి కదే! సరే, రేపు మనిద్దరికీ పోటీ. ఓడినవాళ్ళు గిన్నెలు తోమాలి. అది ఆపేసి రా, టీ పెడతా."

ఈల వేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నోలీన్ పెట్టె ముందు వంగి మీటలన్నీ ఒక్కొక్కటే తడిమింది.

దాన్ని ఎలా ఆపాలో కూడా ఆమెకు తెలియదు.