సోల్మే ఊరి మైకు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, డెబ్బై ఆరో ఏట అక్షరాలు దిద్దాను. ఈ ఒక్క పేజీకి నాలుగు రోజులు పట్టింది.

అది కొన్నేళ్ళ కిందటి మిరపకోతల కాలం. ఊరిపెద్ద ఇన్‌సూ ఊరి హాలులో మైకు పట్టుకుని, "కాయలు కొనే లారీ రేపొస్తుంది, బస్తాలు కట్టి ఉంచండి" అని చెప్తున్నాడు. అంతలో ఇంటి నుంచి ఫోను. ఆవు ఈనుతోందట, దూడ అడ్డం తిరిగిందట. పరిగెత్తాడు.

మైకు ఆగలేదు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. కాసేపటికి ఆ హాలులోనే తలుపులు బిగించి, ఏసీ వేసుకుని, నలుగురం ఆడవాళ్ళం చాప మీద వెల్లుల్లి వలుస్తున్నాం.

మాలో జొమ్‌న్యే తన వియత్నాం కోడలు లియెన్ మీద మొదలుపెట్టింది.

"కిమ్చీ పచ్చడి కలపమంటే ఉప్పు గుమ్మరించింది వదినా! కుక్క కూడా వాసన చూసి తప్పుకుంది."

"నాలుగేళ్ళాయె. కడుపూ లేదు, కాన్పూ లేదు," అంది ఇంకొకామె.

"దానికన్నా ఇన్‌సూ ఆవు నయం. ఏడాది తిరిగేసరికి ఈనుతుంది," అన్నాను నేను.

పగలబడి నవ్వాం.

స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లు ఆ మాటలూ ఆ నవ్వూ లోయంతటికీ వినిపించాయి. చేలో కాయలు కోస్తున్న లియెన్ బుట్టని సాలులోనే వదిలేసి, మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

సాయంత్రం జొమ్‌న్యే ఊరందరి ముందూ ఇన్‌సూ చొక్కా పట్టుకుంది.

"మైకు కట్టెయ్యడానికి చేతులు పడిపోయాయట్రా? నీ ఆవు కోసం నా కొడుకు సంసారం కూల్చావు గదరా!"

"తప్పు నాదే అత్తా," అన్నాడు. ఎవరివైపూ చూడలేదు.

పంతొమ్మిదేళ్ళ పెద్దరికం మర్నాడే వదులుకున్నాడు. "ఇంత మతిమరుపు మనిషికి ఊరి బాధ్యత ఎందుకు?" అని ఎవరో అంటే నేనూ తలూపాను. పిల్లలు కూడా అతన్ని 'ఆవు పెద్ద' అని వెక్కిరించేవారు. మొన్న చలికాలం పోయాడు. పాడె వెనక నడిచాను గానీ, అతని భార్య ముఖం చూడలేకపోయాను.

ఆ రోజు అతను పరిగెత్తుతూ, "పిన్నీ, 'ఆపు' అని రాసున్న మీట నొక్కు" అని హాలులో ఒక్కదాన్నే ఉన్న నాకు చెప్పే వెళ్ళాడు. చదవడం రాదని చెప్పుకోలేక, ఉన్న రెండిట్లో ఏదో ఒకటి నొక్కాను.

— యాంగ్ మల్‌సున్, 79 ఏళ్ళు. ఇప్పుడు ఉండేది సోల్మేలోనే, హాలు పక్కిల్లు.