తడి పొట్టు

"పొద్దున్నే పొట్టు మార్చమన్నాను కదండీ. ఈ కంపులో అన్నమెలా సహిస్తోంది మీకు?"

కుట్టుపని నుంచి అప్పుడే వచ్చిన ఆమె గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. వంటింటి మూల అట్టపెట్టెలో ఆరు బాతుపిల్లలు నీళ్లన్నీ ఒలకబోసుకుని, ముద్దయిన రంపపు పొట్టులో తిరుగుతున్నాయి. భర్త వాటి పక్కనే కూర్చుని నింపాదిగా తింటున్నాడు.

"వాసనేం రావట్లేదు కదాని ఊరుకున్నా."

ఆమెకు ఒళ్లు మండింది. తడి పొట్టు పిడికెడు తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన మొహం తిప్పుకోలేదు.

ఆమె చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "ఆ జ్వరం వచ్చినప్పటి నుంచీనా?"

ఆయన తలూపాడు. "క్యాంటీన్‌లో ఎవరికీ చెప్పలేదు. వాసన తెలీని వంటవాణ్ణి ఎవరు పెట్టుకుంటారే? నిన్న కూర మాడితే, పక్కవాడు అరిచేదాకా నాకు తెలీలేదు."

ఆమె పెట్టె శుభ్రం చేసి పొడి పొట్టు పరిచింది. నీళ్లు ఒలికినా పొట్టు తడవకుండా గిన్నె కింద వెడల్పాటి పళ్లెం పెట్టింది.

"కూరలు తరగడానికి మనిషి కావాలన్నారుగా మీ క్యాంటీన్‌లో? నేనొస్తాను. మీ పొయ్యి పక్కనే కూర్చుంటాను."

"మరి నీ కుట్టుపని?"

"సూదిలో దారం ఎక్కించడానికి పక్కవాళ్లను బతిమాలుకుంటున్నా, మూణ్ణెల్లుగా," అందామె. "నేను మాత్రం మీకు చెప్పానా?"