డోరా తొలి మాట

డోరాకు మూడేళ్ళు నిండవస్తున్నా ఒక్క మాటా రాలేదు. ఆటిజం పిల్లల సర్కారు తరగతిలో చేర్చాలని తల్లి ప్రేమమణి మౌలాలి నుంచి బస్సులో తీసుకొచ్చింది. ఈ వారం దాటితే వయసు మించిపోయి సీటు రాదు.

ఫారంలో ‘తనకేం కావాలో మాటతో చెప్పగలదా?’ అన్న గడిలో ఆఫీసు సారు ‘లేదు’ అని రాసి, రూల్సు షురూ చేశాడు.

“రేషన్ కార్డు జిరాక్సు లేదు గదమ్మా. గెజిటెడ్ సంతకం సుత కావాలె. సోమవారం రా. సెలవుంటే మంగళవారం. మంగళవారం నేను మీటింగుల ఉంటే...”

డోరా చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

“ఆమేన్!”

ప్రేమమణి పాపను గట్టిగా హత్తుకుంది. సారు తలెత్తాడు.

“మాటలే రావంటివి? పాపకు మస్తు భక్తి ఉన్నదే!”

“భక్తి కాదు సార్.” ప్రేమమణి ఏడుస్తూనే నవ్వేసింది. “మా మామయ్యగారు ప్రార్థన మొదలుపెడితే గంట. ఆ మాట అన్నాకే ఆపుతారు. ఆ తర్వాతే మాకు అన్నం.”

సారు ఫారం మీద ముద్ర గుద్దాడు. “రేపే తీస్కరా. కాగితాలు మెల్లగ ఇయ్యి. గాని ఒక్క రూలు...”

డోరా మళ్ళీ చేతులు జోడించింది.

సారు చప్పున నోరు మూసుకుని, ‘లేదు’ కొట్టేసి, పక్కన రాశాడు: ‘చెప్పగలదు. నన్ను ఆపమంది.’