ఇద్దరూ కలిసి బిగించిన వాచీ

వాచీలంటే ప్రాణం పెట్టేవాళ్ళంతా ఆ రోజు వాటిని విప్పి బిగించడం నేర్చుకోవడానికి వచ్చారు. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరిని చూసి, "తండ్రీ కూతుళ్ళా?" అని అడిగాడు నేర్పే ఆయన.

"మా మావగారండీ," అంది ఆమె. "మా ఆయన పోయాక ఇంట్లో ఈ పిచ్చి మా ఇద్దరికే మిగిలింది."

సాయంత్రానికి వాళ్ళ వాచీ నడిచింది. ఆమె దాన్ని మావగారి చేతికి కట్టబోతే ఆయన వద్దన్నారు.

"మీ అమ్మ ఒక సంబంధం చూసిందిగా. ఆ అబ్బాయికివ్వు."

"అది కాదని చెప్పేశాను మావయ్యా. మీరొక్కరే అయిపోతారు."

"రేపు రమ్మని వాళ్ళకు నేనే కబురు పెట్టాను."

ఆయన వాచీని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"పోయిన నా కొడుకుని ఎలాగూ ఆపుకోలేకపోయాను. నిన్ను ఆపిన పాపం నాకొద్దు తల్లీ."