తప్పు యజమానిదే

"తప్పు యజమానిదే సాబ్, మేం కాదనం!"

సేఠ్ తరపు వకీలు లేచి నిలబడి మరీ ఆ మాటన్నాడు. లేబర్ కోర్టులో అంతా గుజరాతీయే. వజ్రమ్మకు గుజరాతీ కూరగాయల బేరం వరకే వచ్చు. పక్కనున్న కూతురు రుచిత చెవిలో తెలుగులో చెప్పేసరికి ఆమె నోరు తెరిచింది.

"మల్లొకపారి చెప్పు బిడ్డా, ఏమన్నడు?"

"తెగిన వైరు మార్పియ్యకపోవుడు యజమాని తప్పేనట. ఒప్పుకుంటుండమ్మా!"

మూడేళ్లు! సేఠ్ షెడ్డులో మరమగ్గం మీద కరెంటు కొట్టి భర్త లక్ష్మీరాజం ప్రాణం పోతే, తాగొచ్చి చెయ్యి పెట్టాడని ఇదే సేఠ్ ఊరంతా చాటాడు. కల్లు వాసనకే కడుపులో తిప్పే మనిషి మీద ఎంత నింద! వజ్రమ్మకు కావలసింది పైసలు కాదు, ఆ మాట కడిగెయ్యాలి. అందుకే తారీఖు తారీఖుకీ పని ఎగ్గొట్టి ఊరి చివర కోసాడ్ నుంచి బస్సుల్లో పడి తిరిగింది. జడ్జి ఉంటే ఆమె వకీలు ఉండడు. అదేం ఖర్మో, ఈ రోజూ రాలేదు.

సేఠ్ మాత్రం నింపాదిగా సోంపు నములుతున్నాడు.

"వీడు గింత మంచోడు ఎన్నడైండే?"

"నాగ్గూడ సమజైతలేదమ్మా," అంది రుచిత.

సేఠ్ వకీలు ఒక స్టాంపు కాగితం జడ్జికి అందించాడు. కోర్టు గుమాస్తా దాన్ని తెచ్చి వజ్రమ్మ ముందు పెట్టి, "ఈ సంతకం నీ భర్తదేనా?" అని హిందీలో అడిగాడు.

వంకర పోయిన ఆ 'క్ష్మీ' చూడగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. "ఆయనదే సారూ! నేనే నేర్పిన. అందరు ఏలుముద్ర ఏస్తే ఆయనొక్కడే దస్కతు వెట్టిండు!"

పనిలో చేరే రోజు నాలుగు ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకం చెయ్యనిదే సేఠ్ ఎవరినీ మగ్గం ముట్టనివ్వడు. ఎందుకని అడిగినవాడు ఆ మగ్గాల గల్లీలో లేడు. నాలుగింటి మీదా సంతకమే పెట్టానని ఆ సాయంత్రం లక్ష్మీరాజం పెళ్లాం ముందు మీసం దువ్వాడు కూడా.

"పైన ఏం రాసున్నదో జర సదువనియ్యుండ్రి," అని రుచిత చెయ్యి చాపేలోపే గుమాస్తా కాగితం లాక్కుపోయాడు.

చనిపోయినవాడు తాగలేదనీ, తప్పు యజమానిదేననీ జడ్జి చెప్పేశాడు. వజ్రమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

పన్నెండు రోజులకు తీర్పు నకలు చేతికొచ్చింది. కోర్టు వరండాలోనే దాన్ని కళ్లకద్దుకుంది.

"తప్పు చేసినోని పేరు రాసిండ్రా? గట్టిగ సదువు బిడ్డా. అందరు ఇనాలె!"

రుచిత ఆఖరి పేజీ తిప్పింది. మళ్లీ మొదటికి తిప్పి, మళ్లీ ఆఖరికొచ్చింది.

"సదువే!"

"నువ్వు ఒప్పుకున్న దస్కతు... అది కిరాయి కాగితమటమ్మా. షెడ్డును సేఠ్ దగ్గర కిరాయికి తీసుకొని నడిపిన యజమాని..." రుచిత ఆ పేరు మీద వేలు పెట్టింది. "మన బాపు."