మూడో నంబరులో చప్పుడు

"మూడులో పెట్టరా" అన్నాడు బావ. తల డాష్‌బోర్డు కింద ఉంది, కాళ్లు కారు బయట ఉన్నాయి.

బావమరిది ఏసీ గాలి కొట్టే బ్లోయర్ మీట మూడో నంబరుకి తిప్పాడు. టకటకమంటూ డాష్‌బోర్డు మొత్తం అదిరింది.

"వచ్చేటప్పుడు గడగడ కదా బావా, ఇప్పుడు టకటక అంటోందేమిటి?"

"రోగం ముదిరిందిరా. మీ అక్క తిట్లు తగిలాయి."

తిట్లే అయితే బావ దులిపేసుకునేవాడు. ఇల్లాలు ఇవాళ బజారు పార్కింగులో కారు దిగి కళ్లజోడు కొట్టుకి వెళ్తూ, రెండో తాళం చెవి సంచిలో వేసుకుంటూ, తేల్చి చెప్పేసింది. తను వచ్చేసరికి ఆ అదురు ఆగాలి, లేదంటే రేపే కారు పాత ఇనుము కొట్టుకి. కాకిపిల్ల కాకికి ముద్దు. కూతురు పుట్టినప్పుడు ఇంటికి తెచ్చింది ఆ కారులోనే, అదే కూతురికి డ్రైవింగ్ నేర్పిందీ అందులోనే. బావకి నిజంగానే ఏడుపొచ్చింది. అందుకే ఇద్దరూ విడిభాగాల కొట్టుకి పరిగెత్తి, రబ్బరు వాషర్లు కొనుక్కుని, మళ్లీ పార్కింగులోకి వచ్చి పడ్డారు.

"తాళం కూడా మొరాయించింది బావా."

"పాత తాళం కదరా, కాస్త బతిమాలాలి."

"సీటేమిటి ఇంత ముందుకి జరిగింది?"

"మీ అక్కే. నడిపాక వెనక్కి జరపడం ఆవిడ వంశంలోనే లేదు."

"వంశం దాకా ఎందుకులే బావా, నేనూ అందులోవాణ్ణే."

గ్లవ్ బాక్సు ఊడదీశారు. అందులో దగ్గుబిళ్లల పొట్లం కనబడింది.

"ఇదీ మీ అక్క పనే. నాకు చెప్పకుండా చప్పరిస్తోందన్నమాట" అంటూ బావ ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి బావమరిదికి ఇచ్చాడు.

స్క్రూలు విప్పగానే మోటారు, దానికున్న గుండ్రటి ఫ్యానుతో సహా చేతిలోకి వచ్చింది. రెక్కల మధ్య ఎండుటాకులు, మట్టి, వాటిలో ఇరుక్కుని ఒక జడపిన్ను.

"దొరికిందిరా దొంగ" అన్నాడు బావ, పిన్ను పైకెత్తి. "ఒక పక్క బరువు పెరిగితే ఫ్యాను అదరదా మరి? ఇన్నాళ్లూ నన్నూ నా కారునీ ఆడిపోసుకుంది. తీరా చూస్తే పిన్ను ఎవరిది?"

"మా అక్కది" అని ఒప్పేసుకున్నాడు బావమరిది.

బ్రష్షుతో రెక్కలన్నీ శుభ్రం చేశారు. కొత్త వాషర్లు వేసి మోటారు బిగించారు. ఒకటిలో పెట్టారు, రెండులో పెట్టారు. మూడులో పెట్టేటప్పుడు బావ కళ్లు మూసుకున్నాడు. చల్లగాలి మొహానికి కొట్టింది తప్ప చప్పుడే లేదు. బావ సంతోషం పట్టలేక బావమరిదిని మట్టిచేతులతోనే వాటేసుకున్నాడు.

అంతలో ఫోను మోగింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?" అంది ఇల్లాలు.

"కారులోనే. నువ్వొచ్చి డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడు. పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. ఇక ఇనుము కొట్టు మాట ఎత్తావంటే ఊరుకోను. అన్నట్టు నీ జడపిన్ను కూడా దొరికింది."

"నేను జడపిన్నులు పెట్టుకోవడం ఎప్పుడు చూశారండీ?"

బావ నోట్లో దగ్గుబిళ్ల ఆగిపోయింది. ఫోనులో ఆవిడ మాటల వెనక ఏదో మోగుతోంది.

"నీ దగ్గర ఆ గడగడ ఏమిటి?"

"మన బ్లోయరేనండీ, నేను కారులోనే ఉన్నాను."